అనంతపురంలో ఒక సాయంత్రం బార్‌లో: ఏం అడగాలి, ఎంత పోయించుకోవాలి, ఇంటికెట్లా చేరాలి

సాయంత్రం ఏడింటికి ఖాళీ కడుపుతో వచ్చి కూర్చుని, సప్లయర్ నోట మొదట వచ్చిన బ్రాండుకు తలూపేస్తే ఆ రాత్రి ఎట్లా నడుస్తుందో అక్కడికక్కడే తేలిపోతుంది. బార్ వేగం వేరు, మన వేగం వేరు. గ్లాసు ఖాళీ అయితే నింపడం వాళ్ల పని, ఎంతసేపట్లో ఖాళీ చేయాలన్నది మన పని. అనంతపురంలో ఓ మామూలు బార్‌లో ఇద్దరు ముగ్గురు స్నేహితులు రెండు గంటలు నిమ్మళంగా కూర్చుని రావాలంటే తెలుసుకోవాల్సినవి ఇవి.

ఎక్కడ, ఎప్పుడు

బస్టాండు దగ్గర బార్లకు బస్సు అందుకోవాల్సిన జనం వస్తారు. గబగబా నైంటీ (90 మిల్లీలీటర్లు) వేసుకుని పోతారు. అక్కడ గంట దాటి కూర్చుంటే సప్లయర్ రెండుసార్లు వచ్చి టేబుల్ తుడిచిపోతాడు, అర్థం చేసుకోమని. తీరిగ్గా మాట్లాడుకోవాలంటే కాలనీల వైపు ఉండే బార్ అండ్ రెస్టారెంట్ మేలు. మెనూలో అన్నం, కూరలు కూడా ఉన్నదైతే ఇంకా మేలు.

ఏసీ హాలు, మామూలు హాలు రెండూ ఉంటే రేటు కార్డు రెండింటికీ ఒకటేనా అని ముందే అడగండి. చాలాచోట్ల వేరు. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజు ఏసీకి ఇచ్చే ఆ నాలుగు డబ్బులు వృథా కావు. చెమట పట్టి దాహంతో ఉన్నవాడు మొదటి బీరును నీళ్లలా తాగేస్తాడు. కాబట్టి కూర్చోగానే ముందు రెండు గ్లాసుల మంచినీళ్లు తాగండి, ఆ తర్వాతే ఆర్డర్ చెప్పండి. చేతులు కడుక్కునే వంకతో బాత్రూము కూడా చూసి రండి. అది మరీ ఘోరంగా ఉంటే ఆర్డర్ ఇవ్వకముందే లేచిపోవడంలో తప్పు లేదు.

ఏడు, ఏడున్నర మధ్య చేరితే టేబుల్ దొరుకుతుంది, వంటగది కూడా ఖాళీగా ఉంటుంది. ఆదివారం ఇంకాస్త ముందు. 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదన్నది చట్టం, వెంట తమ్ముడు వస్తానంటే ఇది గుర్తుంచుకోండి. అక్టోబర్ 2న, ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు బార్లు మూసే ఉంటాయి.

లెక్క

స్మాల్ అంటే 30 మిల్లీలీటర్లు, లార్జ్ అంటే 60. క్వార్టర్ 180, అంటే మూడు లార్జ్‌లు. హాఫ్ 375, ఫుల్ 750. పెద్ద బీరు సీసా 650.

విస్కీ, బ్రాందీ, రమ్ముల లేబుల్ మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన ఒక లార్జ్‌లో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్, నైంటీలో 30, క్వార్టర్‌లో 60. బీరు దగ్గరే చాలామంది పొరబడతారు. 5 శాతం ఉన్న లైట్ బీరు సీసాలో 26 గ్రాములు ఉంటే, 7 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరులో 36 గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు నైంటీ కంటే ఎక్కువే. ‘నేను బీరే కదా తాగింది’ అన్నవాడు మూడు సీసాలు పూర్తి చేస్తే క్వార్టర్ దాటి చాలా దూరం పోయినట్టు.

శరీరం గంటకు 7, 8 గ్రాములకు మించి కరిగించలేదు. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఏవీ ఆ వేగాన్ని పెంచవు. రెండు గంటల కూర్చోవడానికి ఒక్కొక్కరికి రెండు లార్జ్‌లు, లేదా ఒక్క స్ట్రాంగ్ బీరు దగ్గర ఆగితే మాట తడబడకుండా లేవొచ్చు. ఇద్దరికి ఒక క్వార్టర్ అయితే తలా 90, గొడవే లేదు. నలుగురు కూర్చుని ‘ఈ రౌండు నాది’ అనుకుంటూ పోతే మాత్రం లెక్క తప్పుతుంది. నలుగురి మర్యాదా నిలబడాలంటే నాలుగు రౌండ్లు కావాలి మరి! బిల్లు చివర్లో నాలుగు భాగాలు చేసుకుందామని మొదట్లోనే అనేసుకుంటే ఎవరి గ్లాసు వాళ్ల చేతిలో ఉంటుంది.

సీసా, మూత, కొలత

2025 అక్టోబర్‌లో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ పట్టుబడ్డాక రాష్ట్ర ప్రభుత్వం ‘ఏపీ ఎక్సైజ్ సురక్ష’ అనే యాప్ తెచ్చింది. మూత మీది ఎక్సైజ్ స్టిక్కర్‌లోని క్యూఆర్ కోడ్‌ను దాంతో స్కాన్ చేస్తే ఆ సీసా వివరాలు వస్తాయి. అందుకే లూజుగా పెగ్గు తెప్పించుకోవడం కంటే సీలు తీయని క్వార్టర్ తెప్పించుకుని టేబుల్ దగ్గరే మూత తిప్పించడం మంచిది. స్టిక్కర్ చిరిగి ఉన్నా, మూత తిప్పేటప్పుడు టిక్కుమని విడిపోకుండా ఊరికే తిరిగినా వెనక్కి పంపండి. సప్లయర్ నొచ్చుకోడు, ఇది అతనికి కొత్త కాదు. లూజే కావాలంటే ‘అన్నా, ఇక్కడే కొలిచి పొయ్యి’ అని ఒక్కమాట చెబితే చాలు. కౌంటర్ వెనక పోసి తెచ్చిన అరవైలో ఎంత ఉందో గ్లాసు చూసి చెప్పలేం. మందపాటి అడుగున్న గ్లాసులో నలభై అయిదు కూడా నిండుగానే కనపడుతుంది.

ఊరికి కర్ణాటక దగ్గరే కదా అని బళ్లారి వైపు నుంచి తెచ్చిన సీసాను జేబులో పెట్టుకుని రావద్దు. ఇక్కడి పన్ను కట్టని సరుకు కింద కేసు అవుతుంది, బార్ వాళ్లనూ ఇరకాటంలో పెట్టినట్టవుతుంది.

కలుపుకోవడం: ఒక లార్జ్‌కు మూడింతలు, అంటే 180 మిల్లీలీటర్ల నీళ్లు. అప్పుడు గ్లాసులో ఉన్నది పదకొండు శాతం లోపు. ఏమీ కలపకుండా రా కొడితే గొంతు, కడుపు మండటమే కాదు, పది నిమిషాల్లో గ్లాసు ఖాళీ అయి సప్లయర్‌కు మళ్లీ పని పడుతుంది. సోడా కలిపితే కొందరికి తొందరగా ఎక్కుతుంది. సగం సోడా, సగం నీళ్లు చాలామందికి సరిపోతుంది. ఐసు దగ్గర కొంచెం చూసుకోండి. పెద్ద దిమ్మ పగలగొట్టిన ముక్కలైతే అది ఏ నీళ్లతో చేసిందో తెలియదు. చిన్న అచ్చు ముక్కలు లేకపోతే ఐసు మానేసి కూల్ వాటర్ అడగండి.

నంజుకోవడానికి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందరూ చివరికి వదిలేసేదీ ఇదే. ఆల్కహాల్ ఎక్కువ భాగం రక్తంలోకి చేరేది చిన్నపేగుల్లో. కడుపులో తిండి, అందులోనూ కొవ్వు, మాంసకృత్తులు ఉన్నది ఉంటే అక్కడికి మెల్లగా దిగుతుంది. ఖాళీ కడుపైతే సూటిగా పోతుంది. అందుకే మొదటి గుక్కకు ముందే ఏదో ఒకటి నోట్లో పడాలి.

అయిదు నిమిషాల్లో వచ్చేవి ఆమ్లెట్, ఉడకబెట్టిన గుడ్లు, మసాలా చెనిక్కాయలు. చెనిక్కాయల జిల్లాలో కూర్చుని ప్యాకెట్ చిప్స్ తెప్పించుకోవడం ఏమిటో మరి. వేయించినవాటి కన్నా ఉప్పేసి ఉడకబెట్టినవి దొరికితే వదలొద్దు, ఉల్లిపాయ ముక్కలూ నిమ్మకాయా అడిగి పైన పిండుకోండి. చికెన్ పకోడి, చిల్లీ చికెన్ లాంటివి పావుగంట పడతాయి. తందూరీ, నాటుకోడి అయితే అరగంట పైమాటే, కాబట్టి మందుతో పాటే వాటినీ చెప్పేయాలి. లేకపోతే రెండో గ్లాసు అయిపోయాక ప్లేటు వస్తుంది, ఆ ప్లేటు కోసం మూడో గ్లాసు వస్తుంది.

మన వైపు వంటలతో ఒక చిక్కుంది. కారం, ఉప్పు రెండూ గట్టిగా ఉంటాయి. నోరు మండితే చేయి గ్లాసు మీదికే పోతుంది. బోటి ఫ్రై తెప్పించుకున్నా, గుంటూరు చికెన్ తెప్పించుకున్నా పక్కన కీర దోసకాయ ముక్కలు, ఒక గిన్నె పెరుగు ఉండాలి. ప్రతి పెగ్గుకూ ఒక గ్లాసు మంచినీళ్లు. మద్యం ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపిస్తుంది, మరుసటి రోజు తలనొప్పికి అదీ ఒక కారణం. ఆఖరున పెరుగన్నమో, ఉంటే రాగి సంగటో తిని లేవండి. హాలు తెరిచి ఉన్నా వంటగది ముందే కట్టేస్తారు. తొమ్మిది దాటాక ‘అన్నం ఉందా అన్నా?’ అని ఒకసారి అడిగి పెట్టుకోండి.

తాగనివాడు కూడా గుంపులో ఉంటే ఫ్రెష్ లైమ్ సోడా చెప్పి హాయిగా కూర్చోవచ్చు, అతన్ని బలవంతపెట్టకండి. షుగరుకు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు తిండి లేకుండా తాగితే షుగరు హఠాత్తుగా పడిపోతుంది. చెమటలు, వణుకు చూసి పక్కవాళ్లు మత్తనుకుంటారు. నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్న వారం బార్‌కు సెలవు.

బిల్లు

ఖాళీ సీసాలను బిల్లు వచ్చేదాకా తీసుకుపోనివ్వకండి, టేబుల్ కింద వరుసగా ఉంచమనండి. ‘మీరు అయిదు తాగినారు సార్’, ‘లేదన్నా నాలుగే’ అనే వాదన అక్కడితో పోతుంది. తిండికి 5 శాతం జీఎస్టీ పడుతుంది. మద్యం జీఎస్టీ కిందికి రాదు కాబట్టి బిల్లు రెండు ముక్కలుగా రావడం మామూలే. మద్యం మీద జీఎస్టీ వేసి ఉంటే అడగాల్సిందే. నీళ్ల సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేశారని గొడవపడి లాభం లేదు, కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు అట్లా తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. సీసా వద్దు, మామూలు నీళ్లు ఇమ్మని మొదట్లోనే అడగండి. సర్వీస్ ఛార్జీ కనిపిస్తే తీసేయమనొచ్చు, అది మన ఇష్టం. టిప్పు మాత్రం సప్లయర్ చేతికే ఇవ్వండి.

పక్క టేబుల్ నుంచి గొంతు లేస్తే రాజకీయాలా, కులమా అని చెవి పెట్టకుండా బిల్లు తెప్పించుకోండి.

ఇంటికి

బండి ఇంట్లోనే వదిలి రండి. బార్ ముందు బండి ఉంటే, రెండు పెగ్గుల తర్వాత ‘ఇంతే కదా దూరం’ అనిపిస్తుంది. తాగి బండి నడిపేవాళ్లకు చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. అరవై కిలోల మగమనిషి ఖాళీ కడుపుతో ఒక్క లార్జ్ తాగినా ఆ గీత దాటిపోవచ్చు. మొదటిసారి దొరికితే పది వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారి పదిహేను వేలు, రెండేళ్లు. ఆటోకు చిల్లర నోట్లు విడిగా పెట్టుకోండి, ఫోను చార్జింగ్ సరిగ్గా అప్పుడే అయిపోతుంది. ధర్మవరం, కళ్యాణదుర్గం వైపు పోయేవాళ్లు ఆఖరు బస్సు వేళ కూర్చునేముందే కనుక్కోవాలి.

ఎవరైనా లేపినా లేవని స్థితిలో ఉంటే ఒంటరిగా వదలకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకుంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మరునాడు చూపు మసకబారినా, కడుపునొప్పి, వాంతులు ఆగకపోయినా అది హ్యాంగోవర్ అనుకోకుండా ఆసుపత్రికి పోయి ఏం తాగారో దాచకుండా చెప్పాలి.

రాత్రి ఏడున్నర నుంచి పదింటి దాకా మూడు స్ట్రాంగ్ బీర్లు తాగినవాడి ఒంట్లోకి చేరింది 108 గ్రాములు. మొదలుపెట్టిన ఏడున్నర నుంచే గంటకు 8 చొప్పున తీసేసినా పొద్దున తొమ్మిది అవుతుంది. ఏడింటికి పిల్లల్ని బడి దగ్గర దింపే పని ఉంటే అది ఆ రోజుకు ఇంకొకరికి అప్పజెప్పండి.