పాఠం 6: పారామీటర్లకు రకం రాసుడు – ఏ పేరుకు ఆ పేరుకే

మనం చేసుకుంటున్న తెలుగు ప్రోగ్రామింగ్ భాషల ఇయ్యాల లూపులు మొదలుపెట్టాల్సింది గని పోయిన పాఠం చదివి మీరు పంపిన కోడ్‌లు చూసినంక లూపులు వచ్చేసారికి జరిపిన, ఎందుకంటే శానమంది ఒక్కదగ్గరనే, అంటే పారామీటర్లకు (పనికి లోపలికిచ్చే విలువల పేర్లకు) రకం రాసే కాడనే ఆగిర్రు.

మిర్యాలగూడ దిక్కు తమ్ముడు ఒకాయన ఐకేపీ సెంటర్ల (సర్కారు వడ్లు కొనే కాడ) వడ్ల లెక్క కోసం పని, అంటే ఫంక్షన్, రాసిండు. పొద్దుగాల 12 బస్తాలు, సాయంత్రం 30, కలిపితే 42 రావాలె గదా, ఆయనకు 1230 వచ్చింది. బస్తాకు 40 కిలోల లెక్కన 42 బస్తాలంటే 16.8 క్వింటాళ్లు, 2024-25 గ్రేడ్ ఏ మద్దతు ధర క్వింటాలుకు 2320తోటి 38,976 రూపాయలు. అదే 1230 బస్తాలని పట్టుకుంటే 11,41,440 అయితది. ఆయన రాసింది ఇది:

పని మొత్తం(పొద్దున, సాయంత్రం: అంకె) {
  ఇవ్వు పొద్దున + సాయంత్రం
}

చూస్తే తప్పేం కనవడదు, అదే దీనితోటి వచ్చిన తిప్పలు. ఆయన అనుకున్నదేందంటే అంకె (పూర్ణ సంఖ్య) అని ఒక్కసారి రాస్తే రెండింటికీ వర్తిస్తదని. మన భాషల వర్తించదు. కోలన్ దాని ముందట ఆనుకొని ఉన్న పేరుకే, అంటే సాయంత్రానికే. పొద్దునకు రకం లేదు. "అడుగు" తోటి తీసుకున్నది ఏదైనా మాటగనే (అక్షరాల వరుసగనే) వస్తది, 12 కొట్టినా "12" అనే వస్తది. నడిపితే సాయంత్రం దగ్గర ఎర్రర్ వచ్చింది, ఆయన దాన్ని అంకెచెయ్యి() తోటి సరిచేసిండు, పొద్దున గురించి మాత్రం రకాలు సరిచూసే చెకర్ నోరెత్తలే, ఇగ అంతా మంచిగున్నదనుకున్నడు. పాఠం 3ల + కు ఒక దిక్కు మాట ఉంటే అతికించమని మనమే చెప్పినం, అందుకే "12" పక్కన 30 అతుక్కున్నది.

ఇండ్ల ఆయన తప్పు కన్నా నేనిచ్చిన పార్సర్ (కోడ్ చదివి విడదీసే భాగం) తప్పే పెద్దది. రకం లేకుంటే "ఏదైనా" అని పెట్టుకొని ముందుకు పోయేటట్టు రాసిన. ఆ ఎల్స్ భాగం తీసెయ్యుర్రి. పేరు చదివినంక కోలన్ లేకుంటే అక్కడనే ఆగాలె, "పొద్దునకు రకం రాయలేదు" అని పేరు పెట్టి చెప్పాలె. ఉత్త "సింటాక్స్ ఎర్రర్" అని రాయకుర్రి, అది ఎవలికీ పనికిరాదు.

ఈ ఒక్క కామా ఎందుకింత ఆగం చేస్తదంటే ఒక్కో భాషల దానికి ఒక్కో అర్థం. గో (Go) భాషల a, b int అంటే రెండూ అంకెలే. 1970ల విర్త్ తెచ్చిన పాస్కల్‌ల a, b: integer అన్నా రెండూ అంకెలే, కాకపోతే అక్కడ గుంపుకు గుంపుకు నడుమ సెమికోలన్ ఉంటది. సీ (C) భాషల int a, b; అని వేరియబుల్స్ రాస్తే రెండింటికీ వస్తది గని అదే పారామీటర్ల బ్రాకెట్ల రాస్తే నడవదు, ఒక్కోదానికి విడిగ int రాయాల్సిందే. పైథాన్‌ల a, b: int అంటే b ఒక్కదానికే, అది గూడ నడిచేటప్పుడు పైథాన్ సరిచూడదు. మీరు ఏ భాష నుంచి వచ్చిర్రో ఆ అలవాటు మీ చేతిల ఉంటది. అందుకే నేను గుంపు పద్ధతి పెట్టను, రెండు అక్షరాలు ఎక్కువ కొట్టినా సరే:

పని మొత్తం(పొద్దున: అంకె, సాయంత్రం: అంకె) -> అంకె

పేరు ముందు, రకం తర్వాత. నాకు ఇదే ఇష్టం, చదివేటోనికి ముందు ఏందో తెలవాలె, ఎట్లాంటిదో తర్వాత. పిలిచేటప్పుడు రకం రాయొద్దు, మొత్తం(12, 30) అంతే.

ఇంకొకామె పాలమూరు నుంచి అడిగింది, దశాంశం అడిగిన దగ్గర 42 ఇస్తే ఎందుకు తీసుకున్నది, అంకె అడిగిన దగ్గర 17.5 ఇస్తే ఎందుకు కొట్లాడింది అని. 42ను 42.0 చేస్తే ఏం పోదు. 17.5ను అంకె చేస్తే 17 అయితది, వడ్ల తేమ హద్దు 17 శాతం, హద్దు దాటిన కుప్ప లెక్కల పాసైపోతది. అందుకే ఆ దిక్కు దారి బంద్ చేసిన. తేమకు ఎప్పుడైనా దశాంశమే రాయుర్రి.

ప్రాక్టీసు ఒక్కటే, గని టైం పడ్తది. "రకం కిలో = దశాంశం", "రకం క్వింటా = దశాంశం" అని కొత్త రకాలు చేసుకునేటట్టు పార్సర్ మార్చుర్రి. పని విలువ(బరువు: క్వింటా, ధర: దశాంశం) కు కిలో ఇస్తే ఎర్రర్ రావాలె, లోపల రెండూ దశాంశాలే అయినా సరే. సరిచూసేటప్పుడు రకం పేరును పోల్చుర్రి, లోపలిదాన్ని కాదు. అది నడిచినంక బత్తాయి కోసం టన్ను గూడ కలిపి, మూడింటినీ ఒకదాంట్ల నుంచి ఒకదాంట్లకు మార్చే పనులు రాసి పంపుర్రి, ప్రతి పారామీటరుకు రకం ఉండాలె.