పిల్లల్ని నడిచి గానీ సైకిల్ మీద గానీ బడికి పంపే ముందు

వేసవి సెలవులయ్యాక జూన్‌లో బళ్లు తెరుస్తారు. ఆలోపు ఒక ఆదివారం పిల్లలతో కలిసి దారంతా ఒకసారి వెళ్లి రండి. దగ్గరి దారి కాకపోయినా లారీలు తక్కువ తిరిగే దారే ఎంచుకోండి. ఐదు నిమిషాలు ముందు బయలుదేరితే సరిపోతుంది.

సైకిల్: రెండు బ్రేకులూ నొక్కి చూడండి. టైర్లలో గాలి, బెల్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. సీటు మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనాలి. "పెద్దయ్యాక కూడా పనికొస్తుంది" అని ఎత్తు సైకిల్ కొనకండి. బ్యాగు హ్యాండిల్‌కి తగిలించకుండా క్యారియర్‌కి కట్టాలి. చున్నీ చక్రంలో పడకుండా ముడి వేయాలి. హెల్మెట్ ఉంటే మరీ మంచిది.

నడక: ఫుట్‌పాత్ లేకపోతే రోడ్డుకి కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవాలి. సైకిల్ మాత్రం ఎడమ పక్కనే.

అసలు ప్రమాదం బస్టాపులో. దిగగానే బస్సు ముందు నుంచి పరుగెత్తితే డ్రైవర్‌కీ కనపడరు, పక్కనుంచి వచ్చే బైకుకీ కనపడరు. బస్సు వెళ్లిపోయాకే దాటాలి. ఇది రోజూ చెప్పినా తప్పు లేదు.

వానాకాలం: నీళ్లు నిలిచిన చోట మ్యాన్‌హోల్ ఉండొచ్చు. అటు వద్దు.

ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే.

టెన్షన్ పడి స్కూటీ మాత్రం ఇవ్వకండి. మైనర్ లైసెన్స్ లేకుండా నడుపుతూ దొరికితే చాలు, ప్రమాదం జరగకపోయినా తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.