ఆర్‌లో వెక్టర్‌ని సరిచేశాక తేదీలు, యూనిట్లు పోతే

ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టాల పట్టికను ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో సరిచేస్తున్నాను. తేదీల వెక్టర్‌లో (వరుసగా పేర్చిన విలువల్లో) ఒకటి తప్పుంటే, షరతును బట్టి విలువ ఎంచే ఇఫ్‌ఎల్స్ (ifelse) ఫంక్షన్‌తో దిద్దాను. వెంటనే 1986 ఆగస్టు 16 కాస్తా 6071 అయి కూర్చుంది. గోదావరికి పెద్ద వరద వచ్చిన నాటి తేదీ అలా మారేసరికి ఎంత టెన్షన్ పడ్డానో!

కారణం: డేటా పాడవలేదు. 6071 అంటే 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజులు. ఆ అంకెను తేదీగా చూపించేది దాని మీదున్న క్లాస్ అనే యాట్రిబ్యూట్. ధాన్యం బస్తాకు కట్టిన చీటీ లాంటిదది. ఇఫ్‌ఎల్స్ గింజల్ని కొత్త బస్తాలో పోస్తుంది, పాత చీటీని మాత్రం తీసుకురాదు. ప్రతి విలువ మీదా ఒకే పని చేసే ఎస్‌అప్లై (sapply), విలువల్ని అంకెలుగా మార్చే యాజ్.న్యూమరిక్ (as.numeric) కూడా అంతే.

పరిష్కారం: బస్తా మార్చకండి. తప్పున్న చోటు మాత్రమే దిద్దండి:

తేదీ[తప్పు] <- సరైనది

మొత్తం విలువలు మార్చాలంటే ఖాళీ బ్రాకెట్లు పెట్టండి:

మట్టం[] <- కొత్తవి

ఆ రెండు బ్రాకెట్లు మరిచిపోతే యాట్రిబ్యూట్లన్నీ పోతాయి.

ఇక్కడే నేను ఒక పూట పోగొట్టుకున్నాను. మట్టాలు టెక్స్ట్‌గా ఉంటే ఖాళీ బ్రాకెట్లలో అంకెలు పోసినా అవి మళ్లీ టెక్స్టే అవుతాయి. అప్పుడు వెక్టర్ స్టోరేజ్.మోడ్‌ను, అంటే విలువల్ని దాచే రకాన్ని, డబుల్‌గా (దశాంశ సంఖ్యలుగా) మార్చాలి. రకం మారుతుంది, మట్టాలకు నేను తగిలించిన "అడుగులు" అనే యూనిట్ చీటీ అలాగే ఉంటుంది.

మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు. అది దాటిన రోజుల్ని మాత్రమే ఏరితే "అడుగులు" అన్న యూనిట్ పోతుంది. విలువలకు పెట్టిన పేర్లు మిగులుతాయి. తేదీలకూ ఫ్యాక్టర్లకూ (వర్గాలు నింపిన వెక్టర్లకూ) సొంత పద్ధతులున్నాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. మనం సొంతంగా తగిలించిన యూనిట్‌ను మాత్రం యాట్రిబ్యూట్‌ను చదివి రాసే అట్ర్ (attr) ఫంక్షన్‌తో మనమే మళ్లీ పెట్టాలి:

అట్ర్(కొత్తది, "యూనిట్") <- అట్ర్(పాతది, "యూనిట్")

అన్ని యాట్రిబ్యూట్లనూ గుడ్డిగా అంటించకండి. పొడవు మారితే పాత పేర్లు సరిపోవు.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ భయం. మట్టాన్ని 0.3048తో గుణిస్తే మీటర్లు వస్తాయి. గుణకారం చీటీని చక్కగా కాపాడుతుంది, అందుకే యూనిట్ ఇంకా "అడుగులు" అనే ఉంటుంది. 11.75 అడుగులంటే సుమారు 3.58 మీటర్లు. దాన్ని 3.58 అడుగులని చదివితే హెచ్చరిక దాటిన రోజు కూడా మామూలు రోజులా కనిపిస్తుంది. గుణించిన వెంటనే, తర్వాతి లైనులోనే యూనిట్ మార్చండి.