బెంగళూరులో నక్షత్రాల మీద ప్రాజెక్టు కావాలా? మెయిల్ పెట్టే ముందు ఈ పని చేయండి

బెంగళూరులో బీఎస్సీయో బీటెక్కో చదువుతూ, వేసవిలో నక్షత్రాల మీదో గ్రహాల మీదో ప్రాజెక్టు చేద్దామనుకునేవాళ్లు చాలామంది ఏప్రిల్‌లో మేలుకుంటారు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయి ఉంటుంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి దరఖాస్తులు సాధారణంగా అంతకుముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు. రెండు నెలల పని, స్టైపెండ్ కూడా ఉంటుంది. అంటే దసరా సెలవులకే లాప్‌టాప్ తెరిచి కూర్చోవాలి.

ముందు ఎవరి తలుపు తట్టాలో చూద్దాం. కోరమంగళలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, అంటే ఐఐఏ, నక్షత్రాల పనికి మొదటి చిరునామా. తమిళనాడులోని కావలూరులో ఉన్న 2.34 మీటర్ల వేణు బప్పు టెలిస్కోపు వీళ్లదే. లద్దాఖ్‌లోని హన్లేలో ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపునైతే ఊరి పక్కనే హొస్కోటె నుంచి నడుపుతారు. సదాశివనగర్‌లోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రేడియో ఖగోళం, న్యూట్రాన్ నక్షత్రాలు, ఎక్స్-రే పరికరాల పని ఎక్కువ. 2024 జనవరి 1న ఎగిరిన ఇస్రో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్‌లోని పోలిక్స్ అనే ఎక్స్-రే పరికరం అక్కడ తయారైందే. అక్కడికి ‘ఎక్సోప్లానెట్ల (వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల) మీద పని చేస్తాను’ అని రాస్తే జవాబు రాకపోవడంలో వింతేం లేదు. బీఎస్సీ మొదటి, రెండో ఏడాదివాళ్లకి నెహ్రూ ప్లానెటేరియంలో జరిగే రీప్ (విద్యార్థుల్ని పరిశోధనకి సిద్ధం చేసే కార్యక్రమం) క్లాసులు మేలు. ఫిజిక్స్ పునాది గట్టిపడకుండా ప్రాజెక్టు దొరికినా రెండు నెలలూ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడంతోనే సరిపోతుంది. ఈసీఈ, మెకానికల్ వాళ్లు తాము పరాయివాళ్లమనుకోనక్కర్లేదు. డిటెక్టర్లు, ఆప్టిక్స్, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పనికి వాళ్లే కావాలి.

టెలిస్కోపు దగ్గర కూర్చోబెడతారన్న ఆశతో మాత్రం వెళ్లకండి. టెలిస్కోపు రాత్రులకి ప్రపోజల్ రాయాలి, కమిటీ ఒప్పుకోవాలి. ఆపైన మబ్బులు కరుణించాలి. వేసవి విద్యార్థి చేతికి వచ్చేది దాదాపు ఎప్పుడూ డేటానే. ఆ డేటాలో మంచి భాగం ఇప్పటికే అందరికీ ఉచితం కాబట్టి, ఎవరి అనుమతీ లేకుండా ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

నాలుగు వారాల పని: ఒక ట్రాన్సిట్

గ్రహం తన నక్షత్రానికి అడ్డొచ్చి దాని వెలుగు కాస్త తగ్గడమే ట్రాన్సిట్. నాసా 2018లో పంపిన టెస్ ఉపగ్రహం ఆకాశాన్ని ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కను (సెక్టార్ అంటారు) సుమారు 27 రోజులు చూస్తుంది. మాస్ట్ (MAST) అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో డేటా ఉంటుంది. పైథాన్, అందులో లైట్‌కర్వ్ (lightkurve) అనే ప్యాకేజీ చాలు. లాప్‌టాప్ పాతదైతే గూగుల్ కొలాబ్‌లో నడపండి. ఒక్కో లైట్ కర్వ్ (కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గీత) ఫైలు 2 ఎంబీ దరిదాపుల్లో ఉంటుంది, పీజీ వైఫైకి కూడా భారం కాదు.

మొదటి నక్షత్రంగా వాస్ప్-18 తీసుకోండి. దీని గ్రహం 0.94 రోజులకొకసారి చుట్టి వస్తుంది, అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు ఒక శాతం లోపు తగ్గుతుంది. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవచ్చు. కొత్త గ్రహం కనిపెడదామని తెలియని నక్షత్రంతో మొదలెడితే ఆ సౌకర్యం ఉండదు.

పేరుతో వెతికితే ఒకే నక్షత్రానికి పదుల వరసలు వస్తాయి. వేర్వేరు బృందాలు వేర్వేరు పద్ధతుల్లో తయారుచేసినవి అవి. అన్నీ కలిపి అతికిస్తే మెట్లు మెట్లుగా చెత్త వస్తుంది. స్పాక్ (SPOC, టెస్ డేటాని శుద్ధి చేసే నాసా బృందం) తయారుచేసిన, 120 సెకన్లకొక కొలత ఉండే లైట్ కర్వ్ ఒక్కటే తీసుకోండి. అందులో రెండు రకాల వెలుగు ఉంటుంది: శాప్ అంటే ఉన్నది ఉన్నట్టు, పీడీసీశాప్ అంటే పరికరం తప్పులు దిద్దినది. ట్రాన్సిట్‌కి రెండోది వాడండి. నక్షత్రం నెమ్మదిగా తిరగడాన్ని చూడాలంటే మాత్రం దాన్ని నమ్మకండి. ఆ దిద్దుబాటులో పది పదిహేను రోజుల మార్పులు కూడా కొట్టుకుపోవచ్చు.

అడ్డదిడ్డపు చుక్కల్ని (ఒక్కో చుక్క ఒక్కో కొలత) తీసేసేటప్పుడు పైవైపు మాత్రమే కత్తిరించండి. రెండు వైపులా మూడు సిగ్మాల (మామూలు ఊగిసలాటకి మూడింతలు) దగ్గర కత్తిరిస్తే ట్రాన్సిట్ కూడా పోతుంది, మనకి కావలసింది అదే!

అందరూ బోల్తాపడేది ఫ్లాటెన్ అనే ఫంక్షన్ దగ్గర. వెలుగులోని నెమ్మది ఒడిదుడుకుల్ని ఇది చదును చేస్తుంది. కిటికీ (ఒకసారికి ఎన్ని చుక్కలు కలిపి చూడాలో) వెడల్పు ఏమీ ఇవ్వకపోతే 101 చుక్కలు తీసుకుంటుంది. రెండు నిమిషాలకొక చుక్క కనుక సుమారు 3.4 గంటలు. వాస్ప్-18 ట్రాన్సిట్ రెండు గంటలు దాటుతుంది. కిటికీ అంత ఇరుకైతే ట్రాన్సిట్‌నే ఒడిదుడుకు అనుకుని పూడ్చేస్తుంది, లోతు తగ్గి అంచులు రెండూ పైకి లేస్తాయి. గ్రాఫులో గుంతకి చెరోపక్క చిన్న కొమ్ములు కనిపిస్తే కారణం ఇదే. కిటికీ ట్రాన్సిట్‌కి కనీసం మూడింతలు ఉండాలి. 401 ఇవ్వండి (బేసి సంఖ్యే ఇవ్వాలి). ట్రాన్సిట్లకి మాస్క్ వేసి (అంటే ఆ చుక్కల్ని లెక్కలోంచి తప్పించి) చదును చేస్తే ఇంకా మంచిది.

తరవాత బీఎల్ఎస్ పీరియడోగ్రామ్‌తో (మళ్లీ మళ్లీ వచ్చే గుంతల్ని వెతికే పద్ధతి) గ్రహం పీరియడ్‌ని, అంటే ఒక చుట్టుకి పట్టే కాలాన్ని, 0.5 నుంచి 10 రోజుల మధ్య వెతకండి. 0.94 బదులు 1.88 వస్తే కంగారు వద్దు, అది రెట్టింపు. వచ్చిన పీరియడ్‌తో లైట్ కర్వ్‌ని మడత పెట్టి, సరి ట్రాన్సిట్లు, బేసి ట్రాన్సిట్లు విడివిడిగా గీసి లోతులు పోల్చండి. తేడా ఉంటే అది గ్రహం కాకపోవచ్చు. ఒకదాన్నొకటి కప్పుకునే జంట నక్షత్రాలు ఇలాగే మోసం చేస్తాయి. టెస్ ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), చాలా పెద్దది, పక్క నక్షత్రం వెలుగు కూడా అందులోనే కలిసిపోతుంది. ఆ అనుమానం వస్తే గయా ఉపగ్రహం తయారుచేసిన నక్షత్రాల కేటలాగులో చుట్టుపక్కల ఏమున్నాయో చూడాలి.

లోతుకి వర్గమూలం తీస్తే గ్రహం, నక్షత్రం వ్యాసార్థాల నిష్పత్తి వస్తుంది. 0.0095కి సుమారు 0.097. నక్షత్రం సూర్యుడికి 1.2 రెట్లకి కాస్త పైన, కాబట్టి గ్రహం గురుడికి 1.2 రెట్లు ఉండాలి. మీకు 0.8 వచ్చిందంటే మళ్లీ ఫ్లాటెన్ దగ్గరికి వెళ్లండి. పీరియడ్ తప్పుని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఏడాదిలో ఈ గ్రహం 388 చుట్లు తిరుగుతుంది. ఒక్క సెకను తప్పితే ఏడాది తరవాతి ట్రాన్సిట్ ఆరున్నర నిమిషాలు పక్కకి జరుగుతుంది. రెండు సెక్టార్లు కలిపితేనే ఇది బయటపడుతుంది.

అప్పుడు మెయిల్

‘చిన్నప్పటి నుంచి నక్షత్రాలంటే ఇష్టం’ అనే మెయిళ్లు ప్రొఫెసర్లకి రోజూ వస్తాయి. వాళ్ల పేపర్ ఒకటి పరిశోధన పత్రాలు ఉచితంగా ఉండే ఆర్కైవ్ (arXiv) సైటులో దొరుకుతుంది, పూర్తిగా అర్థం కాకపోయినా పద్ధతి భాగం వరకైనా చదవండి. మెయిల్ పది పన్నెండు వాక్యాలు దాటకూడదు: ఏం చదువుతున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఖాళీ, ఆ పేపర్‌లో మీకు తట్టిన ప్రశ్న ఒకటి, మీరు చేసిన గ్రాఫ్ ఒక్క పేజీ పీడీఎఫ్‌గా. లోతు ఎంత వచ్చిందో, అచ్చయిన విలువకి ఎంత తేడా ఉందో రాయండి. తేడా ఎందుకొచ్చిందో రెండు ముక్కలు రాస్తే, తేడా లేనివాడి మెయిల్ కన్నా మీదే నయం. ఒకే మెయిల్ ఒకే భవనంలో ఇరవై మందికి పంపకండి, వాళ్లంతా ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతారు. నలుగురైదుగురు చాలు. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేసి, ఊరుకోండి.

డబ్బు కడితే సర్టిఫికెట్ ఇచ్చే ‘ఇంటర్న్‌షిప్’లు కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో తిరుగుతుంటాయి. అసలు సంస్థలు సాధారణంగా విద్యార్థి దగ్గర డబ్బు పుచ్చుకోవు.

కాలేజీ నుంచి బోనఫైడ్, ఎన్‌ఓసీ పనులు నవంబర్‌లోనే మొదలెట్టండి. హెచ్‌ఓడీ సంతకానికి పది రోజులు పట్టడం మామూలే. సిఫార్సు లేఖ అడిగేటప్పుడు ఆ మాస్టారికి మీ గ్రాఫ్ కూడా ఇవ్వండి, లేకపోతే ఆయన దగ్గర రాయడానికి మీ మార్కులు తప్ప ఏమీ ఉండవు. ఎంపికైతే హాస్టల్ ఇస్తారో లేదో ఆ రోజే అడగండి. ఇవ్వకపోతే కోరమంగళలో పీజీ వెతకాలి, రెండు నెలలకే అంటే అడ్వాన్స్ దగ్గర బేరం తెగదు. కాబట్టి ఏప్రిల్ మొదట్లోనే చూసుకోవాలి.