మానని పనికి కొత్త పనిని ముడిపెట్టండి

గ్రూప్స్ పరీక్షకు చదవడమైనా, ఇంగ్లీషు నేర్చుకోవడమైనా, రేపటి నుంచి రోజూ గంటసేపు అని గడియారాన్ని నమ్ముకోకండి. ఎలాగూ మానని పని ఒకదాని వెనకనే దాన్ని పెట్టుకోండి. మన కోనసీమలో తెల్లవారగానే పాలకేంద్రంలో పాలు పోసి వచ్చేవారు చాలామంది ఉన్నారు. అలాంటివారు ఖాళీ క్యాను కడిగి బోర్లించిన వెంటనే, ఫోను చేతిలోకి తీసుకోకముందే, రాత్రే అరుగు మీద పెట్టి ఉంచిన పుస్తకంలో ఒక్క పేజీ చదవాలని నిర్ణయించుకుంటే, క్యాను కడగడమే చదువును గుర్తుచేస్తుంది. ఓపిక ఉన్ననాడు పది పేజీలు చదవండి, కానీ నియమం మాత్రం ఒక్క పేజీయే.

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట చాలామందిని అనవసరంగా నిరాశపరుస్తోంది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అలవాటు కుదురుకోవడానికి పట్టే కాలం 18 నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చు (12 వారాలు దాటిన కాలం లెక్కగట్టిన అంచనా). మధ్యస్థ అంచనా 66 రోజులు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా వారు గమనించారు, నా దృష్టిలో అందరికీ తెలియవలసినది ఇదే. సార్వా కోతల హడావిడిలోనో, సంక్రాంతికి ఇల్లు చుట్టాలతో నిండినప్పుడో ఒకరోజు తప్పక తప్పుతుంది. మర్నాడు రెండు రోజుల బకాయి ఒకేసారి తీర్చబోకుండా, క్యాను కడిగాక మళ్లీ ఆ ఒక్క పేజీయే చదవండి.