తుఫాను నెలల్లో ఉల్లి, దుంప కూరలు: మడి కట్టకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పడతాయి. ఉల్లి, ముల్లంగి, క్యారెట్ వేసుకోవడానికి కాస్త చల్లదనం వచ్చేదీ అప్పుడే. చిక్కంతా అక్కడే. ఎండకు వాడిన మొక్కను నీళ్లు పోసి బతికించుకోవచ్చు గానీ, వేరు దగ్గర రెండు రోజులు నీళ్లు నిలిస్తే ఉల్లినారు దక్కదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి వారం ముందే మా పెరట్లో ఉల్లినారు నాటాను. వాన తెరిపి ఇచ్చాక వెళ్లి ఒక మొక్కను పట్టుకుంటే కాడ చేతిలోకి వచ్చేసింది. మొదలు జావలా మట్టిలోనే ఉండిపోయింది. మడిని నేలకు సమంగా కట్టడమే కారణం.

అందుకే విత్తనాలు కొనకముందే నేలను చూడండి. అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ పోయండి. రెండోసారి పోసినవి నాలుగు గంటలకు కూడా నిలిచే ఉంటే అక్కడ నేలమీద వేయొద్దు. నల్లరేగడి పెరళ్లలో ఈ బాధ ఎక్కువ. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తున మడి కట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. చుట్టూ కాలువ తీసి నీళ్లు బయటికి పోయేలా వాలు పెట్టండి. పచ్చి పేడ మాత్రం వద్దు. దానివల్ల క్యారెట్ రెండు మూడు కాళ్లుగా చీలిపోతుంది. రాళ్లు, గట్టి పెళ్లలు తగిలినా అంతే.

ఉల్లినారు నవంబరు మొదట్లో, ఎండ తగిలే చూరు కింద ట్రేలో పలచగా పోసుకోండి. ఒత్తుగా పోస్తే నారుకుళ్లు తప్పదు. ఏడాది దాటిన ఉల్లి విత్తనం సరిగా మొలవదు, కొత్తదే తెచ్చుకోండి. నారు 45 రోజులది అయ్యేసరికి డిసెంబరు మూడో వారం వస్తుంది, అప్పుడు నాటుకోండి. ఆ తర్వాత కూడా తుఫాను కబురు వస్తే వెదురు బద్దలు వంచి పైన ప్లాస్టిక్ షీటు కప్పండి, వాన ఆగగానే తీసేయండి. షీటు కింద ఉక్క పడితే తెగులు వస్తుంది. క్యారెట్, ముల్లంగి నేరుగా విత్తాల్సినవి కాబట్టి పెద్ద వానలు వెళ్లేదాకా ఆగడమే మంచిది. ముల్లంగి ముందే కావాలనుకుంటే పూసా చేత్కి రకం వేయండి, వేడిని తట్టుకుంటుంది.

సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లకు ఇంకో మాట. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఉల్లి, క్యారెట్ ఎదగవు. బీట్‌రూట్ కొంత ఓర్చుకుంటుంది. వాన నీళ్లు డ్రముల్లో పట్టుకుంటే నారుకైనా పనికొస్తాయి.

ముసురు రోజుల్లో ఉల్లి ఆకుల మీద ఊదారంగు మచ్చ కనిపిస్తే ఆ ఆకు వెంటనే తుంచి పెరటి బయట పారేయండి. సాయంత్రం పూట ఆకులు తడిసేలా నీళ్లు చల్లొద్దు.

ఇక తవ్వడానికి పది రోజుల ముందే తడి ఆపేయాలి. సగం కాడలు వాటంతట అవే పడిపోతే తవ్వి, కాడలతోనే నీడలో పరవండి. గడ్డ మెడను వేళ్లతో నొక్కితే తడి తగలనప్పుడే కాడ కోయండి.