బరువు ఎక్కువున్న గర్భిణి పళ్లెంలో ఏముండాలి?

బరువు ఎక్కువున్న గర్భిణికి షుగర్ వచ్చే భయం ఎక్కువ. అందుకే ఆమె ముందుగా సరిదిద్దుకోవాల్సింది పొద్దుటి టిఫిన్. నెలలు పెరిగేకొద్దీ మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. ఆ ప్రభావం ఉదయం మరీ ఎక్కువ. నాలుగు ఇడ్లీలు, బెల్లం వేసిన అల్లం పచ్చడి, చక్కెర కాఫీ కలిస్తే షుగర్ ఎగబాకుతుంది. రెండు ఇడ్లీలు, ముక్కలు ఎక్కువున్న సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు చాలు. ఉప్మా పెట్టని పెసరట్టు ఇంకా మంచిది. రాగిజావ మంచిదని గ్లాసులకొద్దీ తాగిస్తుంటారు. రాగుల్లోనూ ఎక్కువగా ఉండేది పిండిపదార్థమే, జావగా కాస్తే అది తొందరగా అరుగుతుంది.

మధ్యాహ్నం చిక్కంతా అన్నం మూడు విడతలుగా వడ్డించుకోవడంలో ఉంది: పప్పుకోసారి, చారుకోసారి, పెరుగుకోసారి. ఏ విడతా ఎక్కువనిపించదు, మొత్తం మాత్రం మూడింతలవుతుంది. అందుకే అన్నమంతా ఒకేసారి కొలిచి పెట్టుకోండి. ఒక టీకప్పు, అంటే 100 నుంచి 150 గ్రాములు. పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావే అన్నం. బంగాళాదుంప, చేమదుంప, కంద అన్నం లెక్కలోకే వస్తాయి. ముందు కూర, పప్పు కొంత తిని తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. పెరుగును మజ్జిగ చేసుకుని తాగండి. తిన్నాక పావుగంట నడవండి.

అన్నం పూర్తిగా మానేయడం, ఉపవాసాలుండటం మాత్రం వద్దు. రోజుకు కనీసం 175 గ్రాముల పిండిపదార్థాలు అందాలి. లేకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పెరుగుతాయి. భోజనాల మధ్య శనగ గుగ్గిళ్లో, గుప్పెడు వేరుశనగలో, ఒక జామకాయో తినండి. పళ్లరసం వద్దు.

ఇది సన్నబడే సమయం కాదు. గర్భానికి ముందు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 25–29.9 ఉంటే మొత్తం 7 నుంచి 11.5 కిలోలు, 30 దాటితే 5 నుంచి 9 కిలోలు పెరగొచ్చు.

మొదటిసారి చూపించుకున్నప్పుడే 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోండి. అప్పుడు మామూలుగా వచ్చినా 24–28 వారాల మధ్య మళ్లీ చేయించాలి. గ్లూకోజ్ నీళ్లు తాగిన రెండు గంటల తర్వాత రక్తంలో షుగర్ 140 (మి.గ్రా./డె.లీ.) లేదా ఆపైన ఉంటే గర్భంతో వచ్చే షుగర్ ఉన్నట్టే. అప్పటినుంచి పరగడుపున 95, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. రెండు వారాలు తిండి మార్చినా దిగకపోతే డాక్టర్ మందో ఇన్సులినో మొదలుపెడతారు. అది తల్లి తప్పు కాదు. ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం ఆలస్యం చేయకండి. చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి.